నీరు కారని బండి

చింతపల్లి సముద్రపు ఒడ్డు. పొద్దెక్కింది. వారం కిందట కొత్తవలసలో కొన్న పాత పికప్ బండి ఇసుక పక్కన ఆగి ఉంది, వెనక తార్పాలిను కట్టి ఉంది. చేపల వ్యాపారి ధనరాజు, అప్పుడే పరుగున వచ్చిన అతని బావమరిది వెంకీ.

“తాళమిస్తాను గానీ, ముందు ఈ బండి సంగతేటో సెప్పు.”

“బండికేటయింది బావా? బాగానే ఉన్నాది. తాళమియ్యి, బేగి ఎల్లొచ్చేస్తాను.”

“ఎక్కడికి?”

“ఇక్కడికే.”

“రాత్రంతా ఇంట్లో నేవు. ఫోను కట్టేసినావు. మీ యక్క గుమ్మంలో కూకుని నన్ను తిట్టింది, నానేదో నిన్ను తరిమేసినట్టు. ఇప్పుడొచ్చి తాళం, తాళం.”

“పనుండి ఎల్లాను బావా.”

“ఏం పని?”

“పనే.”

“సరే, నీ పని నీకే ఉండనీ. ఈ బండి నువ్వే సూసి, నువ్వే బేరమాడి నాసేత కొనిపించినావు. స్టీరింగు కింద ఆ స్విచ్చేటి?”

“ఏ స్విచ్చి?”

“ఏ స్విచ్చేటిరా, రోజూ తోల్తావు! నొక్కితే ఎనక దీపాలన్నీ ఆరిపోతన్నాయి. బ్రేకు తొక్కినా ఎలగవు. అలాంటి స్విచ్చి ఎవుడికి కావాల?”

“పాత ఓనరు పెట్టుకున్నాడేమో. బ్యాటరీ మిగుల్తాదని.”

“మరి నెంబరు ప్లేటుకి బందులేల? పెట్టె మూతకున్నట్టున్నాయి. ఎత్తితే అడుగున ఇంకో నెంబరు, ఒడిశాది. అది కూడా బ్యాటరీ మిగలడానికేనా?”

“నాకేటి తెలుసు బావా.”

“నీకు తెల్దు. కమానుకి పట్టీల మీద పట్టీలేసినాడు, ఎంత బరువేసినా కుంగదు. అది కూడా నీకు తెల్దు. నాకు తెలుసు. ఇది మన్యంలోంచి గంజాయి దించిన బండిరా. రేపు పోలీసోళ్లు పట్టుకుంటే కాయితాల మీద ధనరాజనుంటాది, వెంకీ అనుండదు.”

“అలాంటి సరుకేటీ నేదు బావా. నాను లోపల సూసినాను.”

“ఏ లోపల?”

“అదే… బండి లోపల.”

“బండికి లోపలెక్కడుందిరా? పైన రేకు, కింద నేల. నువ్వు సూసిన లోపలేటి?”

“మాటొరసకన్నాను. అన్నీ తప్పులే పడతావు నువ్వు.”

“నాకేసి సూసి మాటాడు. నిన్న సాయంత్రం బండి కింద ఇసకంతా తడిసిపోయుంది. బకెట్లతో గుమ్మరించినట్టు. ఎవులు పోసినారు?”

“నానే కడిగినాను.”

“నువ్వా? తిన్న కంచం కడగనోడివి!”

“వాసనొస్తన్నాదని కడిగినాను బావా.”

“సేపల బండి వాసన రాక సంపెంగల వాసనొస్తాదేటి? ఇను. వారమై కోట సంతకి సేపలు తోల్తన్నాను. ఏ సేపలోడి బండయినా ఎనక రోడ్డంతా ఐసు నీరు కార్సుకుంటా పోతాది. నా బండి ఎండుసేపల బండిలాగ పొడిగా పోతన్నాది. పైన నీరు నిలవదు, కింద సుక్క కారదు. ఎటు పోతన్నాదిరా ఆ నీరంతా?”

“ఆరిపోతన్నాదేమో.”

“ఆరిపోతాది, ఆరిపోతాది. నా బుర్ర ఆరిపోతన్నాది నీతోటి.”

“బావా, నీ కాళ్లట్టుకుంటాను, తాళమియ్యి. ఎండెక్కిపోతన్నాది.”

“ఎక్కనీ. ఇప్పుడు బండి తీసి ఎక్కడికెల్తావు? వంతెన కాడ పద్మజ అన్నలు కర్రలట్టుకుని కూకున్నారు. వచ్చిన ఆటో వచ్చినట్టు ఆపి ఎతుకుతన్నారంట, శాంతికుమారు కోసం. సర్చి కుర్రోడు మా యింటి పిల్లనడగడమేటి, దొరికితే సముద్రంలో కలిపేస్తామంటన్నారు.”

“…తెలుసు.”

“నీ దోస్తే గదా. ఎక్కడున్నాడో తెలుసా?”

“నాకెలా తెలుస్తాది?”

“తెలిసినా నాకు సెప్పకు. తెలిస్తే నా మొహంలో తెలిసిపోతాది. మంచి కుర్రోడురా ఆడు. హుద్‌హుద్ గాలిలో నా వలలు మోసినాడు, నెత్తి మీద రేకులెగురుతుంటే. మీ యక్క ఇప్పటికీ పండక్కి ఆడికో గిన్నె పరమాన్నం పంపిస్తాది. ఎక్కడున్నా బతికుంటే సాలు.”

“బతికుంటాడు బావా. నువ్వు తాళమిస్తే.”

“నాను తాళమిస్తే ఆడు బతకడమేటి?”

“ఏటీ నేదు. ఇయ్యి.”

“సరుకు దించకుండా ఎలా ఇస్తాను?”

“సరుకేటి?”

“తార్పాలినెత్తి సూడు. సీకటితోనే బోట్లొచ్చేసినాయి. అన్నీ కానాగంత సేపలే, ఈ యేడు ఇంత సరుకు సూళ్లేదు. నువ్వు నేవు. నానూ ఆడోళ్లూ కలిసి ఎక్కించేసినాము. నీ కోసమే సూస్తన్నాను, కోట ఎల్లిపోదామని.”

“సీకటితోనే… ఐసు కూడా ఏసినావా?”

“ఐసు నేకుండా కోట దాకా సేపలెలా పోతాయిరా? అడుగంతా ఐసే. ఇయ్యాల్టి ఎండకి మామూలు కంటే ఎక్కువేసినాను.”

“కరిగిపోయుంటాదా బావా?”

“సగం కరిగుంటాది. అదే గదా ఇందాకట్నుంచి నీకు సెప్తన్నాది! కరుగుతాది, కారదు. అయినా ఇయ్యాల ఓ కిటుకు దొరికిందిలే. పక్క రేకుల అడుగున సన్న కన్నాలున్నాయి, వరసగా. సెయ్యి పెడితే లోపల్నుంచి ఎచ్చగా గాలి తగిలింది. ఓహో, ఏడి దీంట్లోంచి ఎక్కుతన్నాది, అందుకే ఐసు నిలవట్నేదనుకున్నాను.”

“ఇంజను నడస్తన్నాదా అప్పుడు?”

“నేదు. ఆపేసే ఉన్నాది. అదే నాకూ ఇడ్డూరమనిపించింది.”

“కన్నాలు… కన్నాలేం సేసినావు బావా?”

“ఎంసీలు ముద్ద పిసికి పెట్టి మూసేసినాను.”

“అన్నీనా?”

“ఒక్కటి వదల్నేదు. బొటనేలుతో గట్టిగా నొక్కి మరీ… ఒరే! ఆ తట్టలేల లాగేస్తన్నావు? వెంకీ! సేపలురా, ఇసకలో పడతన్నాయి! పిచ్చెక్కిందేటి నీకు?”

“ఆ పక్క పట్టు బావా. పట్టు! ఐసు తోసెయ్యి, అడుగు రేకు పైకి రావాల.”

“రేకు పైకి రావడమేటి? ఏటయిందో సెప్పి ఏడు!”

“పద్మజని తేడానికెల్లాను రాత్రి. దారంతా ఆళ్లన్నలే. తెల్లార్లూ సరుగుడు తోటలో నక్కుండిపోయాము. ఆ పిల్ల ఇంకా అక్కడే కూకునున్నాది. నేకపోతే నువ్వు నేవకముందే బండి తీసీవోణ్ణి బావా, నేవకముందే తీసీవోణ్ణి…”

“పద్మజనా? మరి ఆ కుర్రోడు… ఒరే వెంకీ. ఆ రేకు మీద ఏల తడతన్నావురా?”

“ఎవులొచ్చి ఏం సేసినా మెదలొద్దు, నాను తడితేనే తిరిగి తట్టమని ఆడికి సెప్పినాను బావా. తట్టడం నేదు.”