గంగమ్మ మలుపులో జారిన గేరు

మాలకొండయ్య మేస్త్రి చెవి ఆనించి విన్నాడంటే చాలు, గేరుపెట్టె లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేసేవాడు. చీమకుర్తి రోడ్డు మీద, రాళ్ళ లారీలు ఆగే కాడ ఆయన షెడ్డు. పక్కనే ఆయన భార్య ఆదెమ్మ టీ బంకు. షెడ్డు మీద నీలం రేకు బోర్డు, దాని మీద 'మాలకొండయ్య, గేరు మేస్త్రి' అని తెల్లరంగు రాత. ముప్పై ఏళ్ళ బోర్డు అది. పొద్దున్నే ఆ బోర్డు తుడిచినాకే తన మొహం తుడుచుకుంటాడని ఆదెమ్మ ఎగతాళి చేసేది. నేను కల్పించి చెప్పడంలా. ఇరవయ్యేళ్ళు ఆ రోడ్డు మీద లారీ తోలినోణ్ణి, నా బండి గేర్లన్నీ ఆయన చేతి మీదగా బాగుపడినయ్యే. కాకపోతే ఆయనకి తన చెయ్యంటే కాస్త గర్వం. కాస్త ఏంది, బాగానే గర్వం.

ఏమైందంటే, ఒకరోజు ఆ షెడ్డు ముందు ఎర్రకారొకటి వచ్చి ఆగింది. మామూలు కారు కాదు, పందేలకు పోయే స్పోర్ట్స్ కారు. ఇద్దరే కూర్చునేది. దాంట్లో కూర్చుని పక్కకి చూస్తే లారీ చక్రం మన నెత్తికన్నా ఎత్తున కనపడతది. అందులోంచి ఎవురు దిగారనుకున్నారు, ఒంగోలు కళ్ళ డాక్టరమ్మ సుచరిత. వాళ్ళ నాయనకి రాళ్ళ లారీలుండేవి, అవన్నీ మన మేస్త్రే చూసేవాడు. చిన్నప్పుడు ఆ పిల్ల ఆదెమ్మ బంకు బల్ల మీదే కూర్చుని బొరుగులు తినేది, అప్పటినుంచీ మేస్త్రిని మామా అనే పిలుస్తది. ఆ యమ్మ చేతిలో ఒక అట్టపెట్టె. మామా, దీన్ని షార్ట్ షిఫ్టర్ అంటారు, గేరు మార్చే రాడ్డు, ఆదివారం నాకు కారు పందెం ఉంది, పట్నంలో అడిగితే మూడు వారాలు ఆగమన్నారు, నువ్వు బిగించగలవా అనింది. మేస్త్రి ఆ రాడ్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత రాడ్డు ఒక గేరు నించి ఇంకో గేరుకి జానెడు దూరం కదలాల, ఇదయితే నాలుగు వేళ్ళు కదిలితే చాలు. ఊగే కీలు కాస్త పైకి జరిపి పెట్టారంతే, దానికోసం పట్నం దాకా ఎందుకమ్మా, రేపు సాయంత్రానికి వచ్చి తీసుకుపో అన్నాడు.

బిగించడం బాగానే బిగించాడు. సీట్ల మధ్య పెట్టె విప్పాడు, పాత రాడ్డు పీకాడు, కొత్తదాని గుండుకి గ్రీజు పట్టించి కూర్చోబెట్టాడు. ఇంక మూసేస్తే అయిపోయేది. కానీ రాడ్డు కింద ఒక రబ్బరు తొడుగుంది, మడతలు మడతలుగా, మెత్తగా, పల్చగా. మేస్త్రి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఇదేం తొడుగే, మన రాళ్ళ దుమ్ముకి నెల రోజులాగదు అని బయటికి గిరాటేశాడు. మా రోడ్డు సంగతి మీకు తెలవదు, అన్నం మూతేసుకుని తినాల, అంత దుమ్ము. అందుకని అక్కడి మేస్త్రీలకి ఒక అలవాటు, ఏ బండి వచ్చినా గేరు రాడ్డుకి పాత లారీ ట్యూబు కోసి మందంగా తొడుగు వేస్తారు. మనోడూ అదే పని చేశాడు. నాలుగు తాళ్ళు బిగించి, ఇంక ఈ కారు పోయినా ఈ తొడుగు పోదు అన్నాడంట.

డాక్టరమ్మ వచ్చి తోలుకుంటా పోయింది, అరగంటలో తిరిగొచ్చింది. మామా, మూడో గేరులో ఉండటంలా, వేసిన కాసేపటికి జారి న్యూట్రల్లో పడతా ఉంది అనింది. జరుగమ్మా అని మేస్త్రి స్టీరింగు కాడ కూర్చున్నాడు, ఆ యమ్మని పక్కన కూర్చోబెట్టుకుని క్వారీల దాకా పోయొచ్చాడు. మూడో గేరు కదల్లా మెదల్లా. మళ్ళీ ఆ యమ్మ తోలింది, జారింది. మళ్ళీ మేస్త్రి తోలాడు, జారలా. అప్పుడు నోరు జారాడనుకో. గేరులో లోపం లేదు తల్లీ, నీ చేతిలోనే బలం లేదు, పూర్తిగా నెట్టడంలా అన్నాడు. అంతమంది టీ తాగతా ఉండగా అన్నాడు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఈ చేతుల్తో రోజుకి పది కళ్ళు ఆపరేషన్ చేస్తన్నా మామా, నా చెయ్యి ఎంత నెట్టిందో నాకు తెలవదా అనింది. శనివారం పొద్దున వస్తా, అప్పటికీ జారితే పాత రాడ్డే పెట్టెయ్యి, పందెం మానుకుంటా, నలభై కార్ల మధ్యన గేరు జారితే నా ప్రాణానికే పూచీ లేదు అని చెప్పి, వేరే బండెక్కి పోయింది. మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. శనివారం ఈ గేరు జారితే నా బోర్డు నా చేత్తోనే పీకేస్తా, మీరే సాక్ష్యం అన్నాడు టీ తాగేవాళ్ళతో. వాళ్ళదేం పోయింది, ఊ అన్నారు.

రెండు రోజులు విప్పాడు, బిగించాడు. బుష్షు చూశాడు, పిన్ను చూశాడు, బోల్టులు ఇంకో చుట్టు బిగించాడు. ఎన్నిసార్లు తోలినా జారదు, జారకపోతే తప్పు యాడుందని ఎతకతావు? శుక్రవారం ఈసారి గంగమ్మ గుడి వైపు తోలాడు. మలుపు తిరిగి గుడి ఎదుటికి రాగానే టక్కుమని గేరు జారింది. తిరిగొచ్చి మళ్ళీ పోయాడు, దారంతా జారలా, సరిగ్గా గుడి ఎదుట జారింది. మూడోసారీ అంతే. ఇంకేముంది, షెడ్డుకొచ్చి, అమ్మవారు నా మీద కన్నెర్ర చేసిందే, లారీ మేస్త్రివి లారీ మేస్త్రిలాగా ఉండకుండా ఈ కారు జోలికెందుకు పోయావంటా ఉంది అని కూలబడ్డాడు. ఆదెమ్మ గిన్నెడు పొంగలి వండి, పద, మొక్కు చెల్లిద్దాం, నేనూ ఆ కారెక్కి చూడలా అని పక్క సీట్లో కూర్చుంది.

పోతా ఉన్నారు. ఆదెమ్మకి కారు గురించి ఏం తెలుసు? మొగుడి గురించి తెలుసు. మలుపు తిరిగారు, గుడి కనపడింది, మేస్త్రి ఎడం చెయ్యెత్తి గుండెకి ఆనించుకుని దణ్ణం పెట్టాడు. టక్కుమని జారింది. చూశావా, అమ్మవారు అన్నాడు. అమ్మవార్ని ఊరికే ఆడిపోసుకోమాక, బండి తిప్పు అనింది ఆదెమ్మ. గుడి దాటి, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని చోటికి వచ్చినాక, మూడో గేరెయ్యి, ఏశావా, ఇప్పుడు ఆ ఎడం చెయ్యి ఇట్టా నాకియ్యి అనింది. ఏందే నడిరోడ్డు మీద అన్నాడు. ఇయ్యవయ్యా అని చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. పదిబారలు పోయిందో లేదో, టక్కు. అక్కడ గుడీ లేదు, గంగమ్మా లేదు. పెళ్ళయిన కాడినుంచీ చూస్తన్నా, స్టీరింగు కాడ కూర్చుంటే నీ ఎడం చెయ్యి గేరు రాడ్డు మీదే ఉంటది, దణ్ణం పెట్టేప్పుడు తప్ప తియ్యవు, ఆ పిల్లేమో చదువుకున్నట్టు రెండు చేతులూ స్టీరింగు మీదే పెడతది, గేరుని పట్టుకుంది నీ చెయ్యేనయ్యా, నీ పనితనం కాదు అనింది.

మేస్త్రి బండి పక్కకి ఆపాడు. అక్కడికక్కడే ఆ తొడుగు పైకెత్తి చూస్తే విషయం కనపడింది. రాడ్డు మూడో గేరుకి ముందుకి పోయినప్పుడు ఆ మందం ట్యూబు బిగుసుకుపోయి వెనక్కి లాగతా ఉంది. లారీ రాడ్డయితే బలమైంది గాబట్టి ఆ లాగుడిని లెక్కచెయ్యదు. ఇది నాలుగు వేళ్ళ దూరం కదిలే రాడ్డు, వేలెడు వెనక్కొస్తే చాలు, గేరు వదిలేస్తది. బాగు చేసే దారి తెలిసింది, కానీ ఆయనకి సంతోషం రాలా. ఆ బిడ్డని అంతమందిలో చేతిలో బలం లేదన్నానే అని మాటిమాటికీ అదే అన్నాడంట. సిగ్గుతో ఏడ్చాడని కూడా ఆదెమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ పాత తొడుగు యాడ తెచ్చేది, నేనే గిరాటేశాను గదా అని ఆయనంటే, ఆదెమ్మ నవ్వి, నువ్వు గిరాటేసింది ఏది నేను పోనిచ్చాను, కుంకుడు రసంతో కడిగి సీసాల్లో కందిపప్పు పోసుకునే గరాటు చేసుకున్నా అనింది. ఆ రాత్రే ట్యూబు కోసి పారేసి, ఆ గరాటునే మళ్ళీ రాడ్డుకి తొడిగాడు.

శనివారం పొద్దున డాక్టరమ్మ వచ్చింది. టీ తాగేవాళ్ళు ఆ రోజు ఇద్దరెక్కువే వచ్చారు, బోర్డు పీకడం చూద్దామని. ఆ యమ్మ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి క్వారీల దాకా పోయింది, గుడి దాకా పోయింది, ఎక్కడా జారలా. దిగి, ఏం చేశావు మామా అని అడిగింది. అప్పుడు మేస్త్రి ఏమన్నా అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు, ఎవురికి తెలుస్తది? చెప్పలా. బల్ల మీద కూర్చున్న వాళ్ళందరూ వినేటట్టు, తప్పు నీ చేతిది కాదు తల్లీ, నాది, నా చెయ్యే నన్ను మోసం చేసింది, కనిపెట్టింది మీ అత్త అన్నాడు. అని నిచ్చెన తెచ్చి బోర్డు కాడికి ఎక్కాడు. గేరు జారకపోయినా నా మాట జారింది గదా, పీకేస్తా అని. డాక్టరమ్మ నిచ్చెన పట్టుకుని, పీకితే నా కారెవురు చూస్తారు మామా, దిగు అనింది. దిగాడు. ఆదివారం పందెంలో ఆ యమ్మకి రెండో స్థానం వచ్చింది.

ఇప్పటికీ మాలకొండయ్య ఏ బండి గేరు బాగుచేసినా ట్రయలుకి ఆదెమ్మని పక్కన ఎక్కించుకోందే కదలడు. ఎడం చెయ్యి తీసి ఆమె ఒళ్ళో పెడతాడు, ఆమె రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని కూర్చుంటది, అట్టా గుడి దాకా పోయొస్తారు. ఈ వయసులో ఏంది మేస్త్రీ ఈ సరసం అని లారీవాళ్ళు హారన్లు కొడతారు. గేరు చూస్తన్నాం పోండి అంటాడు. చూస్తన్నారులే, పోయిన నెల గేరే లేని మోపెడు బాగుచేసి, దాని మీద కూడా ఆమెని ఎక్కించుకుని పోయొచ్చాడు.