మేకులు కొట్టిన కిటికీ

క్లీవ్‌లాండ్‌లో ఒక పాత ఇంటి మేడగది. అద్దెకు చూడొచ్చిన ఆమె, మేకులు కొట్టిన కిటికీ ముందు దిగులుగా ఆగిపోయింది. ఇంటాయన వెనకే ఉన్నాడు.

"ఇది తెరుచుకోకపోతే తనిఖీవాళ్లు ఇల్లు పాస్ చెయ్యరు సార్. శుక్రవారం దాటితే, ప్రభుత్వం నా అద్దె కట్టే వోచరు చెల్లదు."

"ఈ వీధి గాలి సంగతి నీకు తెలీదమ్మాయ్. ఓసారి పక్కింటాయన గడ్డాన్ని సరస్సు దాకా ఎగరేసుకుపోయింది!"

ఆమెకు నవ్వు రాలేదు. "పిల్లలు కింద కార్లో ఉన్నారు సార్. రాత్రిళ్లు అందులోనే పడుకుంటున్నాం."

ఆయన గొంతు తగ్గింది. "పోయేముందు, తన ఆఖరి చలికాలం మా ఆవిడ ఒకటే వణికింది. గాలి రాకూడదని ఈ మేకులు నేనే కొట్టాను."

"అయ్యో! వద్దులెండి, ఇంకో ఇల్లు చూసుకుంటా."

"శుక్రవారం లోపలా? మేకులు పీకే సుత్తి మెట్ల కింద ఉంది. నువ్వే పీకు తల్లీ, నావల్ల కాదు. అందాకా కార్లో పిల్లల దగ్గర నేను కూచుంటా."