పక్క వరుస

హలో… ఆ, నేనే. వదినని. చెప్పు నాయనా… స్టాఫ్‌రూమ్‌లో ఉన్నా. పేపర్లు దిద్దుతున్నా.

ఫోటోనా? వచ్చింది. ఇంకా తెరవలేదు… ఏ మెషీన్ కాగితం?…

— వద్దు.

వద్దన్నాను. నన్ను అడగొద్దు… మీ అన్నయ్యకి ఇలాంటి కాగితాలు చదివిపెట్టేదాన్నే, కాదనను. "మా ఆవిడే నా కళ్లజోడు" అని నలుగురిలో అనేవారు… అప్పుడు వేరు. ఆ దేశంలో, అంత పెద్ద బేకరీలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఒక్కరైనా లేరా?…

మీ యజమానికి అంత తొందరగా ఉంటే ఆయన్నే చదవమను…

ఏమన్నావ్? మళ్లీ అను… రంగుకి రంగు కలిపేస్తావా? — కలపకు! వదిలెయ్. ఆ తీగలు చేతిలోంచి వదిలెయ్ ముందు… సరే, అరిచాను. వదిలావా?…

విను. నీకు చెప్పని మాట ఒకటుంది.

మీ అన్నయ్య పోయిన రోజు కాగితం చదివింది నేనే. ఇలాగే, ఫోన్లో… న్యూట్రల్ తీగ ఏ రంగని అడిగారు. పేజీలో రెండు వరుసలున్నాయి. దేశానికో రకం రంగులు. ఏ వరుస ఏ దేశానిదో పైన రాసుంది. నేను పైన చూడలేదు… నలుపు అన్నాను. అది పక్క వరుస. ఆ మెషీన్‌లో న్యూట్రల్ నీలం. ఆయన నీలాన్ని కరెంటుకి బిగించారు. స్విచ్ వేసి, కరెంటు పాకిన మెషీన్ మీద చెయ్యి పెట్టారు…

…ఉన్నావా? నాయనా?…

తిట్టు. తిడితే నయం…

లేదు, ఆయన తప్పనకు. మీటరు పెట్టి తీగలు చూసుకోవాల్సింది, నిజమే. మీటరు బదులు నన్ను నమ్మారు…

ఇంత విన్నాక కూడా నన్నే చదవమంటావా? నీకు మతిపోయిందా?…

…

ఉండు. కళ్లు తుడుచుకోనీ.

ఆ. పైనుంచి చదువుతా. ఎడమ వరుస మీద మెషీన్ తయారైన దేశం పేరుంది. కుడి వరుస మీద నువ్వున్న దేశం… అవును, రెండుసార్లు చూశా.

మెషీన్ తీగలు: గోధుమ రంగు, నలుపు, బూడిద. మూడూ ఫేజులు, కరెంటు వచ్చేవి. నీలం న్యూట్రల్. ఆకుపచ్చ మీద పసుపు చార, ఎర్త్… గోడలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. ఒట్టి ఆకుపచ్చ ఎర్త్… అదే కదా! గోడలో నీలం షాక్ కొడుతుంది, మెషీన్‌లో నీలం న్యూట్రల్. రంగుకి రంగు కలిపి ఉంటేనా—

నన్ను నమ్మకు. మీటరు పెట్టు… ఫేజుకీ ఫేజుకీ నాలుగొందల వోల్టులా? నలుపుకీ ఒక్కో ఫేజుకీ?… రెండొందల ముప్పై. మెషీన్‌కి బిగించిన వివరాల రేకు మీదా అంతే రాసుందా?… సరే. మెయిన్ ఆపు. తాళం వెయ్యి. తాళంచెవి యజమాని జేబులో కాదు, నీ జేబులో… మళ్లీ మీటరు… సున్నానా? అన్నిటికీనా?

ఎర్త్ ముందు బిగించమని ఉంది… తర్వాత న్యూట్రల్. గోడ నలుపు, మెషీన్ నీలం. నువ్వు కూడా పైకి అను… ఊఁ. ఇప్పుడు ఫేజులు…

అయ్యాయా? మెషీన్‌ని ముట్టుకోకు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు. దూరంగా నుంచుని స్విచ్ వెయ్యి.

…

— ఏమైంది? ఎందుకా కేక? హలో! మాట్లాడు!…

మోటారు వెనక్కి తిరుగుతోందా? …అంతేనా? ఓరి నీ దుంపతెగ, నా ప్రాణం పోయిందిరా! మెయిన్ ఆపి, తాళం వేసి, ఏవైనా రెండు ఫేజులు అటూ ఇటూ మార్చమని ఇక్కడే ఉంది… మళ్లీ మీటరు పెట్టాకే…

ఊఁ. వెయ్యి… మెషీన్ ఒంటికీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టు, చెయ్యి కాదు… సున్నా. ఒట్టు?…

ఆ, చప్పుడు వినిపిస్తోంది.

ఏడవట్లేదు… ఫోన్ పెట్టెయ్ మరి, నీకు పనుంటుంది…

లేదు, నువ్వే పెట్టు. ఆ రోజు నేనే ముందు పెట్టేశాను, క్లాసు బెల్లయిందని. ఆయన ఇంకేదో అడుగుతున్నారు…

నువ్వే పెట్టు, నాయనా. నేను పెట్టలేను.