బాజీ కొట్టు తలుపు

సూళ్లూరుపేట స్టేషన్ బయట తహీర్ టీ కొట్టులో, బోర్డులు రాసే బాజీ గొంతు సవరించుకున్నాడంటే చేతిలో గ్లాసున్నవాళ్లు ఇంకో గ్లాసు చెప్పుకోవాల్సిందే. ఆ సాయంత్రం మాత్రం అతను ఊరికే కోతలు కోయడం లేదు. చర్చిలో పాటలు నేర్పే కరుణాకుమారి క్రిస్మస్ ఆల్బం తెస్తోంది, దాని అట్టకి బొమ్మ కావాలని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఫ్లెక్సీలొచ్చాక చేత్తో రాసే బోర్డులు అడిగే నాథుడు లేడు. ఈ పని దొరికితే తనింకా పనికొస్తాడని ఊరికి తెలుస్తుందని బాజీకి గంపెడాశ.

"నాకిది కొత్తేం కాదమ్మా," అని మొదలుపెట్టాడు. "పోయినేడు పులికాట్‌లో పక్షులు చూసేదానికి మద్రాసు నుంచి పాటలు పాడే పిల్లోళ్లు వచ్చినారు. దార్లో నా కొట్టు తలుపు చూసి ఫోటో తీసుకున్నారు. అదే వాళ్ల ఆల్బం అట్ట."

ఫోను తీసి చూపించాడు. ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు, ఏ బొమ్మా కాని గీతలు.

"చూసేకొద్దీ చూడాలనిపిస్తా ఉందన్నా," అంది కరుణాకుమారి. బాజీకి ఆ ఒక్క మాట చాలు.

"నీకే అట్లుంటే, ఆ పాడే పిల్లోడు తలుపు ముందర నిలబడి ఏడ్చినాడు. రంగుల్లో రాగం వినిపిస్తా ఉందని నా కాళ్లు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఎరుపు చూసి పులికాట్‌లో ఫ్లెమింగోలన్నీ లేచొచ్చి నా కొట్టు ముందర వాలినాయి, బస్సు పోయేదానికి దారి లేదు."

"ఆ బస్సులో నేనూ ఉన్నానే," అన్నాడు ఆటో నడిపే జడ్సన్. "ఒక్క పిట్టా కనపళ్లేదు."

"నువ్వు నిద్రపోతా ఉన్నావులే. అది గాదు, ఆ పొద్దే శ్రీహరికోటలో రాకెట్ లేచింది. పోయేది పోయేది నా తలుపు మీదికొచ్చేసరికి నిలబడిపోయింది. సారోళ్లు ఫోన్ చేసి, బాజీ గారూ, రాకెట్ మీ బొమ్మ చూస్తా కదలడం లేదు, తలుపు మీద దుప్పటి కప్పండయ్యా అన్నారు. కప్పినా. అప్పుడు కదిలింది."

"ఏ దుప్పటి భాయ్?" అడిగాడు తహీర్.

"పెళ్లినాటిది. మా ఇంటిది గుల్నాజ్ ఇప్పటికీ తిడతా ఉంది."

కరుణాకుమారి నవ్వి, బిస్కెట్ల అట్టపెట్టె చించి ముందు పెట్టింది. "అయితే మాకూ అట్లాంటిదొకటి ఇక్కడే వేసి చూపించన్నా."

బాజీ సంచిలోంచి రంగులు తీశాడు. ముందు పెన్సిల్‌తో పైనొక గీత, కిందొక గీత కొట్టాడు. అక్షరాలు వంకరపోకుండా బోర్డులవాళ్లు వేసుకునే గీతలవి. ఎర్రరంగులో బ్రష్ ముంచి ఓ వంపు తిప్పాడు. చెయ్యి అక్కడ ఆగితేగా? తలకట్టు కూడా పెట్టేసింది. 'గ' అయి కూర్చుంది. తుడిచేసి నీలం అందుకున్నాడు. ఈసారి 'మ' పడింది, పక్కన నీడతో సహా. ఏళ్ల తరబడి అక్షరాలు రాసిన చెయ్యి, అక్షరం కానిది వేయనని మొండికేసింది.

తహీర్ గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "భాయ్, పొద్దుగూకినాక నీ బ్రష్‌లన్నీ ఆ తలుపుకి తుడిచేది గుల్నాజ్ భాభీ గదా. ఒకటి తుడిచి, వెనక్కి పోయి నిలబడి చూసుకుని, మళ్లీ ఇంకో రంగు తుడుస్తా ఉంటది. ఇక్కడి నుంచి రోజూ చూస్తానే ఉన్నా."

అందరూ నవ్వారు. బాజీకి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ బాధేసింది. ఆమె అలా వెనక్కి వెళ్లి చూసుకోవడం ఇన్నేళ్లలో తనొక్కసారీ చూడలేదు.

కరుణాకుమారి లేచింది. "అక్క ఇప్పుడు ఇంట్లో ఉంటుందా అన్నా?"

"ఉంటది, రామ్మా." బాజీ బ్రష్‌లు సంచిలో వేసుకుని ముందు నడిచాడు. పది బారలు పోయాడో లేదో గొంతు సవరించుకున్నాడు.

"కాకుంటే ఆమె ఒప్పుకోవాల గదా. మొన్న ఢిల్లీవాళ్లు ఆమె కోసం విమానం పంపించినారు, ఈ స్టేషన్ ముందరే దిగింది. పొయ్యి మీద చారుందని ఎక్కలేదమ్మా."