మూల తిరిగిన గీత

హలో, అందరికీ నమస్కారం! వినబడుతోందా? మిషన్ల దగ్గరున్నవాళ్ళు కూడా కాస్త ఇటు రండి. నేను, మీ బైండింగ్ బాబాయిని. ఇది రాసుకొచ్చి చదువుతున్నాను. మాట్లాడినంత బాగా రాయలేను, సర్దుకోండి.

1992 జూన్ 15, సోమవారం నాడు మన ప్రెస్సులో చేరి, మనమంతా చుక్కలక్క అని పిలుచుకునే గౌరవనీయ సోదరి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అట్టపెట్టెల నమూనాలు గీయడం వారి వృత్తి. నిండు గీత మీద కత్తిరించాలి, ముక్కల గీత మీద మడవాలి, చుక్కల గీత మీద చించాలి. ఆ మూడింటినీ వారు స్కేలు, ఇంకు పెన్నుతో గీస్తుంటే పని మానేసి మరీ చూసేవాళ్ళం.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. బొమ్మలు దిద్దే ఆ సాఫ్ట్‌వేర్‌లో నిండు గీత సులువుగానే వచ్చింది గానీ, చుక్కల గీతకు బటన్ ఎక్కడా కనిపించలేదు. అక్కగారు మౌసుతో ఒక్కొక్క చుక్కే పెట్టారు. ఎడం సమంగా కుదరలేదు. మందుల పెట్టె మూత చించబోతే పెట్టంతా చిరిగి యజమాని గారి చేతిలోకి వచ్చింది.

"సోమవారానికి సరైన నమూనా కావాలమ్మా. లేదంటే మీరు ప్యాకింగులోకి వెళ్ళండి. ఈ కుర్చీలోకి ఇంకొకర్ని తెచ్చుకుంటాను" అన్నారాయన.

అక్కగారు కంటతడి పెట్టలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నారు. కనబడిన ప్రతి అమరికా మార్చి, ప్రింటు తీసి, మడిచి చూశారు. ఆ సాఫ్ట్‌వేర్‌లోని బ్రష్‌తో గీసే గీత నిజానికి దగ్గరదగ్గరగా పడే ముద్రల వరుసేనని అలా తెలిసింది. స్పేసింగ్, అంటే ముద్రల మధ్య ఎడం, పెంచితే అవి విడివడి చుక్కలయ్యాయి. గుండ్రటి ముద్రను అణిచి బద్దలా చేస్తే ముక్కల గీత వచ్చింది. అయితే గీత మూల తిరిగి కిందికి దిగేటప్పుడు ఆ ముక్కలన్నీ అడ్డంగానే పడ్డాయి.

మిషన్ ఫోర్‌మన్ తొంగిచూసి, "ఏంటక్కా, పెట్టె గీయమంటే నిచ్చెన గీశావ్?" అన్నాడు.

"నవ్వు తమ్ముడూ, నవ్వు. సోమవారం ఇదే నీ మిషనెక్కుద్ది."

సాయంత్రం బావగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఏమోయ్, ఇంటికి రావా?"

"గీత మూల తిరగనంటోందండీ. అది తిరిగితే నేనూ ఇంటికి తిరుగుతా."

"అయితే టీ చెప్పమంటావా?"

"రెండు చెప్పండి. మీరూ కూర్చోండి."

టీ చల్లారింది గానీ పట్టు సడలలేదు. ముద్ర కోణాన్ని గీత నడిచే దిశకు అప్పగించే అమరిక ఆ మెనూల అడుగున దొరికింది. డైరెక్షన్ అని ఉంది. అది పెట్టగానే ముక్కలన్నీ బుద్ధిగా మూల తిరిగాయి.

సోమవారం యజమాని గారు మూత లాగారు. చుక్కల వెంబడే ఊడి వచ్చింది. పెట్టె చెక్కుచెదరలేదు. ఆయన రెండువైపులా తిప్పి చూసి, "కూర్చోండమ్మా, చాలా పనుంది" అన్నారు.

అనంతరం అక్కగారు డిజైన్ విభాగానికి అధిపతి అయ్యారు. అయినా స్వహస్తాలతో మడిచి చూడనిదే ఒక్క నమూనానూ మిషన్ మీదికి పంపలేదు. నాడు ఖాళీ చేయమన్న కుర్చీలోంచి నేడు వారు తమంతట తాము, తలెత్తుకుని లేస్తున్నారు.

అక్కగారూ, ఒంట్లో ఏ నలతా లేకుండా, బావగారితో వేడివేడిగా టీ తాగుతూ నిండు నూరేళ్ళు ఉండండి. ఈ కాగితం మీ చేతికొచ్చాక సొరుగులో పడేయకండి. కంప్యూటర్ ముందు బెదిరిపోయి కూర్చున్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నా, ఈ సంగతి వాళ్ళ చెవిన వేయండి.