ఇంగ్లీష్‌లో చెప్పిందే రాశాను

చాలు సుమతి వదినా, చాలు! ఇంకో గరిటె వేశావంటే లేచి వెళ్ళిపోతాను. ఈ ఫ్రిస్కో ఊళ్ళో తెలుగువాళ్ళంతా నీ గోంగూర పచ్చడి గురించే చెప్పుకుంటారు, కాదనను. నాకు మెతుకు దిగట్లేదు, ఏం చెయ్యను?

ఒంట్లో బాగానే ఉంది. డ్యూటీయే బాగాలేదు. అన్నయ్యేమో నర్స్ ఉద్యోగమేగా, ఎక్కడైనా ఒకటే అంటాడు. ఎలా ఒకటవుతుంది? ఆస్పత్రిలో పేషెంట్‌కి తగ్గితే ఇంటికి పంపిస్తాం. మా దగ్గర తగ్గితే మళ్ళీ తాళం వేసిన గదిలోకే పంపిస్తాం. ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకొచ్చినవాళ్ళని ఉంచే చోటది. పేరుకే డిటెన్షన్ సెంటర్, జైలు కాక మరేమిటి?

శుక్రవారం ఒకబ్బాయి వచ్చాడు. మానవ్ అట, ఒంగోలు. ఎమ్మెస్ అయింది, ఉద్యోగం పోయింది, దాంతో వీసా కూడా పోయింది. కొత్తగా వచ్చినవాళ్ళని ముందు నేనే చూడాలి. బీపీ, షుగరు, ఆ తర్వాత ఫారం నిండా ప్రశ్నలు.

వాడు నా మెడలో నల్లపూసలు చూశాడు వదినా. రోజూ కాలరు కిందికి దోపుకునే వెళ్తానా, ఆ రోజే బయటికొచ్చి చావాలా! "అక్కా, మీరు తెలుగువాళ్ళా?" అన్నాడు. ఇండియన్ స్టోర్‌లో తెలుగు మొహం కనపడితే మీదేవూరని అడక్కుండా వదలని దాన్ని నేను. "ఇంగ్లీష్ ఓన్లీ, ప్లీజ్" అన్నాను. పక్కన గార్డున్నాడు మరి!

చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని ఫారంలో ఓ ప్రశ్న ఉంటుంది. అడిగాను. గార్డు వైపు చూసి "నో" అన్నాడు. వెంటనే తల వంచుకుని, మెల్లగా, తెలుగులో "ఉందక్కా. రోజూ ఉంది" అన్నాడు.

నేనేం రాశాననుకున్నావు? నో అనే. ఇంగ్లీష్‌లో చెప్పిందే రాశాను.

అలా చూడకు! ఎస్ అని రాస్తే ఏం చేస్తారో తెలుసా నీకు? చావకుండా కాపలా అని బట్టలు విప్పించి, ఉరికి చింపుకోలేని దుప్పటంత మందం గౌను తొడిగి, ఒంటరిగా గదిలో పడేస్తారు. లైటు ఆర్పరు. కిటికీలోంచి ఎవడో ఒకడు చూస్తూనే ఉంటాడు. అసలే సగం చచ్చినవాడు, అక్కడేమైపోతాడు? అందుకే, జాలిపడి...

కాదులే. నీ దగ్గర కూడా అబద్ధమెందుకు? జాలీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఎస్ రాస్తే ఎలా తెలిసిందంటారు. తెలుగులో చెప్పాడనాలి. నీకేమవుతాడని మొదలుపెడతారు. మా గ్రీన్‌కార్డ్ ఫైలు ఇంకా తేలలేదాయె. భయం వదినా, ఉత్త భయం. మా ఆయనక్కూడా చెప్పలేదు.

ఇవాళ ఆదివారం. రెండు రోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నాను. వాడున్నాడో లేడో!

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యమంటావా? చెప్పొచ్చు. మా సూపర్‌వైజర్ సెలవురోజైనా ఎత్తుతుంది. మంచి మనిషి, ఒక్క మాట కూడా అనదు.

నాకా బుద్ధి పుట్టలేదనుకుంటున్నావా? శుక్రవారం సాయంత్రమే, పార్కింగ్ లాట్‌లో కారెక్కకముందే చేశాను. ఎత్తింది. హలో అంది. సోమవారం లీవు కావాలని అడిగాను.