తెర మీద మోకాలు

ఆపరేషన్ గది. బల్ల మీద పడుకున్న పెద్ద డాక్టరుకు నడుము కింద స్పర్శ లేదు. నోటికి మాత్రం ఏ మత్తూ ఎక్కలేదు. ఛాతీకి అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల, ఆయన దగ్గరే పని నేర్చుకున్న మేనకోడలు నిలబడి ఉంది.

"ఫారంలో దేనికి సంతకం పెట్టానో మళ్లీ చదువు, అమ్మడూ."

"మోకాలి ఎముకల మధ్య మెనిస్కస్ మెత్తలో చిరిగిన ముక్కను కత్తిరించి తీసెయ్యడం. అంతే. ఇది నాలుగోసారి చదవడం, మామయ్యా."

"లిగమెంటు జోలికి పోకు. ఇరవై రోజుల్లో షటిల్ ఫైనల్. మోకాలికి పట్టీ బిగించి దిగుతాను."

"దిగుతారు సరే, బయటికి మోసుకొచ్చేదెవరు? మోకాలిని పట్టి ఉంచే లిగమెంటే తెగింది. మీరు ఇటు తిరిగితే మోకాలు అటు జారుతుంది."

"అబ్బో! ఇవన్నీ నీకు నేర్పిందెవరు?"

"మీరే. రెండూ కలిసి దెబ్బతింటే రెండూ ఒకేసారి బాగుచెయ్యాలన్నదీ మీరే."

"అది పేషెంట్ల సంగతి. నా సంగతి వేరు. అసలు... నిజం చెప్పు. మీ నాన్న ఏమన్నాడు?"

"మధ్యలో నాన్నెందుకు?"

"ఫైనల్లో నాకు ఎదురు ఆడేది ఆయనేగా! నేను తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చుంటే కప్పు మా బావ ఇంటికి నడిచిపోతుంది. అందుకే కుట్టు, కుట్టు అని నా ప్రాణం తీస్తున్నావు."

"కప్పు కోసం ఎవరైనా మేనమామ మోకాలు కుడతారా?"

"మీ నాన్న కూతురు కుడుతుంది."

"కదలకండి."

"కదలడానికి నడుము కింద నేనున్నానా? ఇంతకీ మొదలుపెట్టవేం?"

"సిస్టర్, ఆ టీవీ మామయ్య వైపు తిప్పండి. ఖాళీగా ఉంటే నోరు ఊరుకోదు."

"ఏమిటది? ఎవరి మోకాలు?"

"పేరు చెప్పకూడదని నేర్పింది మీరేగా. అరవై దాటినాయన. ఆడుతూ పడ్డారు."

"ఆడుతూనా? ఆగు, ఆగు. మీ నాన్న మూడు రోజులుగా ప్రాక్టీసుకు రావడం లేదట..."

"నేనేమీ అనలేదు."

"అనక్కర్లేదు. మాస్కు పైన కళ్లు నవ్వుతున్నాయి. పక్క గదిలో ఉన్నాడా?"

"మనిషి సంగతి అడక్కండి, మామయ్యా. మోకాలి సంగతి చెప్పండి. చిరుగు కత్తిరించెయ్యమని ఒకటే పోరు."

"కత్తిరించడమా! సరిగ్గా చూడు. చిరుగు అంచునే ఉంది, రక్తం అందే చోటు. కుడితే అతుక్కునే ముక్క! దాన్ని తీసి పారేస్తే రేపు ఎముకా ఎముకా రాసుకుంటాయి."

"అదే చెప్పాను. వింటేగా."

"ఆ గదిలో వాళ్లను కెమెరా కాస్త లోపలికి పోనిమ్మను. ఇంకా. ఆఁ, అక్కడే. చూశావా? లిగమెంటు పీచులా వేలాడుతోంది."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"రెండూ ఇవాళే. కొత్త లిగమెంటు వెయ్యి, చిరుగు కుట్టు. వదులు మోకాలిలో కుట్టు నిలవదు. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపనివ్వకు. తొమ్మిది నెలలు బ్యాటు ముట్టనివ్వకు."

"ఫైనల్ ఉందంటున్నారు."

"ఉంటే ఉండనీ! కప్పుతో మెట్లెక్కుతాడా? బుద్ధి లేదని చెప్పు."

"పెద్దవారు. నేనెలా చెప్పను?"

"నా మాటగా చెప్పు."

"కోపం వస్తుందేమో."

"వస్తుంది, నాలుగు రోజులుంటుంది, పోతుంది. మోకాలు అలా పోయి రాదు. పాపం, మా బావ... తొమ్మిది నెలలు!"

"మీకు సంతోషం ఆగుతున్నట్టు లేదు."

"దాచడమెందుకు? సంతోషమే. అయినా సంతోషంతో చెప్పినంత మాత్రాన నిజం అబద్ధమైపోదు. రోగి మాట వినకు. కుట్టు."

"సిస్టర్, ఆ ఫారం, పెన్నూ మామయ్య చేతికివ్వండి."

"నాకెందుకు? మా బావ సంతకం నేను పెట్టకూడదు."

"నాన్న బయట బెంచీ మీద మీకోసం కూర్చున్నారు, ఆయన కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి, ఆ తెర మీదున్నది మీ మోకాలే, మామయ్యా. చెప్పండి, కత్తిరించనా?"